మామ అడిగిన దురాయి

మామ పోయాడన్న టెలిగ్రాం మనుబోలు బళ్లో నేను పాఠం చెబుతుండగా వచ్చింది. పిల్లల ముందే ఏడ్చాను. ఆయన మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మా పల్లెలో వలలు అల్లడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

నూలు వలల కాలంలో, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలోకి డాల్ఫిన్లు గుంపులుగా వచ్చేవి. వలలో పడినా తెంచుకుని పోయేవి. మామ వాటిని తిట్టుకుంటూ చిరుగులు కుట్టేవాడు. నోట్లో ఎప్పుడూ ఒక దారప్పోగు నములుతుండేవాడు. అన్నం పెట్టేటప్పుడు అత్త "ముందు ఆ పోగు ఊసెయ్యి" అనేది.

మా పల్లెకు మొదట నైలాన్ తెచ్చింది ఆయనే. "ఇంక చిరిగేది లేదు, కుట్టేది లేదు" అంటూ ఇంటింటికీ తిరిగి అల్లిక నేర్పాడు. మూడు నెలలు తిరక్కుండానే ఒక తల్లి డాల్ఫిన్, దాని పిల్ల వలలో చుట్టుకుని చచ్చి ఒడ్డుకొచ్చాయి. ఆ వల ఆయన అల్లిందే. ముడి విప్పబోయి, అది రాక ఇసుకలో కూర్చుండిపోయాడు.

"అది మనమాదిరే పైకొచ్చి గాలి పీల్చుకోవాల అమ్మణ్ణీ. రానీకుండా కట్టేసింది నేనే" అన్నాడు నాతో.

అప్పట్నించీ ఒకటే పోరు. ఏటిమొగలో వల వేయకూడదని దురాయి పెట్టమని, అంటే ఊరంతా కట్టుబడే ఆజ్ఞ వేయమని, పల్లె పెద్దలైన పెద్దకాపుల కాళ్లావేళ్లా పడ్డాడు. ఒకసారి వాళ్లముందు ముక్కు మూసుకుని కూర్చున్నాడు, మొహం నల్లబడేదాకా. నవ్వారు.

"నేర్పినోడివి నువ్వే, వద్దనేదీ నువ్వేనా? మా బిడ్డలు ఏం తినాల?" అన్నాడొక పెద్దకాపు. అదీ అబద్ధం కాదు. మామ తల వంచుకుని వచ్చేశాడు.

ఆయన చెప్పగా నేను రాసిన అర్జీలకు ఏ ఆఫీసూ బదులివ్వలేదు. "చేసుకున్నోడికి చేసుకున్నంత" అనేవాడు. ఏటేటా డాల్ఫిన్ల గుంపు పలచబడింది. నేను కూడా ఒకనాడు "ఇంక చాల్లే మామా" అని విసుక్కున్నాను. ఆ మాట ఇప్పుడు నన్ను తినేస్తోంది.

పల్లెలో ఎవరైనా పోతే ఆ రోజు ఎవరూ వేటకు పోరు. మట్టి చేసి వచ్చాక అత్త నా చెయ్యి పట్టుకుని ఏటిమొగకు నడిపించింది. అక్కడ ఒక్క వల లేదు.

"చూడు, మీ మామ అడిగిన దురాయి ఈపొద్దు పడింది" అంది.

వెనక ఒడ్డున మగవాళ్లు రేపటికి వలలు సర్దుకుంటున్నారు. పొద్దు గూకేదాకా ఇద్దరం నీళ్లకేసే చూశాం. ఒక్క వీపూ పైకి తేలలేదు.