జత కుదరని బ్యాటరీలు

మా కోడలికి నడుములో పూస జారింది. ఇక మీదట బరువు ఎత్తితే కాలు పడిపోవచ్చని డాక్టరు చెప్పాడు. పద్మనగర్‌లో మా మరమగ్గాల షెడ్డున్న గల్లీలోకి టెంపో రాదు. నూలు బస్తాలను మలుపు దగ్గరే దించిపోతారు. అక్కడి నుంచి షెడ్డు దాకా మోసేది ఏళ్లుగా కోడలే. వద్దంటే వినే మనిషి కాదు. నేను పక్కకు తిరిగితే చాలు, బస్తా ఆమె భుజం మీద ఉండేది.

డిప్లొమా చదువుతున్న మా మనవరాలు తల్లి కోసం బ్యాటరీ బండి చేస్తానంది. పాత బ్యాటరీ స్కూటీ మోటారు, నాలుగు చక్రాలు, ఇనుప చట్రం. మోటారుకు ఇరవై నాలుగు వోల్టులు కావాలి. అంటే పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు, ఒకదాని ప్లస్సును ఇంకోదాని మైనస్సుకు కలిపి వరుసగా కట్టాలి. తేలికగా ఉండే లిథియం కొందామని అడిగింది. వద్దన్నాను. మా బండి గల్లీలో పోయేదే, ఎగిరేది కాదు. ఈ-రిక్షాలకు వాడే సీసం బ్యాటరీ బరువైనా చవక, అమ్మేవాడు సందుకొకడు ఉన్నాడు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఫ్యూజు విషయంలోనూ అంతే. షెడ్డు నిండా నూలు దుమ్ము, ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మోటారు గుంజే కరెంటుకు తగ్గ లావు వైరు పెట్టిందాకా బండిని గడప దాటనివ్వలేదు.

నేను తప్పు చేసింది బ్యాటరీల దగ్గర. ఒకటి కొత్తది కొన్నాను. రెండోది భంగార్ దుకాణంలో పాత సామాను మధ్య ఏరుకొచ్చాను.

"నాయినమ్మా, రెండూ సేమ్ ఉండాలె. ఒక్కటే కంపెనీ, ఒక్కసారే కొన్నయి" అంది మనవరాలు.

"మీటరు పెట్టి చూడు. రెండూ పన్నెండు దాటినయా లేదా?"

"దాటినయి గని..."

"దాటినంక గని ఏంది? ఈ నడుమ నీ నోట్లె ఆ గని ఎక్కువైంది."

ఖాళీ బండి పరుగులు తీసింది. మర్నాడు పొద్దున టెంపో వచ్చింది. హమాలీలు మూడు బస్తాలను బండి మీదికే దించారు. షెడ్డు ముందరి ఏటవాలు దగ్గరికి వచ్చేసరికి బండి మూలిగి ఆగిపోయింది. కోడలు కొంగు నడుముకు చుట్టి పై బస్తా మీద చెయ్యి వేసింది.

"ముట్టకు! నీ నడుము పోతే ఇంకోటి ఏ భంగార్ల దొరుకుతది?" అని అరిచాను.

"బ్యాటరీ దొరికిన కాడనే చూడుండ్రి అత్తమ్మా" అంది మెల్లగా.

గల్లీ అంతా నవ్వింది.

మనవరాలు స్విచ్చి నొక్కి, మోటారు గుంజుతుండగా ఒక్కో బ్యాటరీకి మీటరు పెట్టింది. కొత్తది పన్నెండు దగ్గరే నిలిచింది. పాతది తొమ్మిదికి జారింది. బరువు పడ్డాకే దాని బండారం బయటపడింది. వరుసగా కట్టిన రెండింటిలో పారే కరెంటు ఒక్కటే. నీరసపడ్డది రెండోదాన్నీ పని చేయనివ్వదు.

ఇది నాకు ఒకరు చెప్పాలా? పాత లాటు నూలు, కొత్త లాటు నూలు ఒకే పడుగులో కలిపాడని ఒక పనివాణ్ని అదే గల్లీలో నిలబెట్టి తిట్టినదాన్ని. చూపుకు రెండు పోగులూ ఒకలాగే ఉంటాయి. మగ్గం లాగినప్పుడు పాతవి తెగుతాయి. నూలుకు ఒప్పుకోని పనిని బ్యాటరీకి నేనే చేశాను.

ఆ బస్తాలను పక్క షెడ్డు పనివాళ్లు మోశారు. కొత్త బ్యాటరీ కొని ఇంకా వారం కాలేదు. సాయంత్రం దాన్ని కొన్న దుకాణానికే పోయి దాని జోడీ తెచ్చాను. పాతది సీసం తూకానికి ఇచ్చేశాను. రెండూ నిండా చార్జి అయ్యాకే మనవరాలు వైరు కలిపింది.

మళ్లీ టెంపో వచ్చిన రోజు బండి మూడు బస్తాలతో ఏటవాలు ఎక్కింది. కోడలు పక్కన నడుస్తూ, నెడుతున్నట్టు బస్తాకు చెయ్యి ఆనించింది.

"చెయ్యి తియ్యి" అన్నాను.

"ఉత్తగ నడిస్తే ఎట్లనో ఉన్నది అత్తమ్మా."

"అలవాటు చేసుకో."

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన సాహెబులాగా బండి వెంట షెడ్డులోకి నడిచింది.