గోళ్లలో పిండి

చపాతీ పిండి కలుపుతుంటే గోళ్లలో ఇరుక్కున్న తడిపిండి చూసి, ఎనభైల్లో అమెరికాలోని షామ్‌బర్గ్‌లో చదివిన నాలుగో క్లాసు గుర్తొచ్చింది.

లోఫ్, లార్డ్, లేడీ మూడూ రొట్టెకున్న ఒకే పాత జర్మానిక్ మాట నుంచి పుట్టాయని టీచర్ చెప్పింది. లార్డ్ అంటే రొట్టెకు కాపలా ఉండేవాడు, లేడీ అంటే పిండి పిసికే ఆవిడ.

“మీలో ఎవరింట్లో అమ్మ పిండి కలుపుతుంది?” అని అడిగింది.

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరిళ్లలోనూ కొన్న బ్రెడ్డే. పొద్దున అమ్మతో కలిపిన పిండి నా గోళ్లలో ఇంకా ఉంది. బ్రెడ్ కొనుక్కోలేనివాళ్లం అనుకుంటారని సిగ్గేసి, చెయ్యి డెస్కు కిందికి తోసేశాను. టీచర్ చెబుతున్నది ఇంటి దొరసాని గురించని తట్టలేదు. పిండి పిసికేదంటే పనిమనిషి అనుకున్నాను.

సాయంత్రం హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ, కోటైనా విప్పకుండా పిండిగిన్నె అందుకుంది.

“స్కూల్లో ఏం చెప్పారే ఇవాళ?”

“నథింగ్ మమ్మీ,” అన్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని.