చుట్టాలెంతమందని అడిగిన ఇంటామె

చెల్లెలు సుబ్బమ్మకు, నీ మోకాళ్ల నొప్పి ఎట్ల ఉండాది? మరిదిగారి దగ్గు తగ్గిందా? పిల్లలకు జ్వరాలేమీ లేవు కదా? నాకు ఎప్పుడూ ఇదే దిగులు.

ఈ పొద్దు తిరుపతిలో మాకు బాడుగ ఇల్లు దొరికింది. దొరకదనే అనుకున్నాను. ఇంటామె మొదట అడిగిందే, "మీకు చుట్టాలెంతమంది అక్కా? కొండకొచ్చేవాళ్లంతా ఈడనే దిగుతారా?" అని. ఎవరూ రారని చెప్పమని నా కొడుకు దారి పొడుగునా నూరిపోసినాడు. అబద్ధం చెప్పి ఆ స్వామి పాదాల కాడ కాపురముండేదెట్లా? భయంతో, "మా ఊరు బంగారుపాళ్యంలో సగం మావాళ్లేనమ్మా" అనేసినాను. కొడుకు తల పట్టుకున్నాడు.

ఆమె నవ్వింది. "ముందున్నోళ్లు ఎవరూ రారని చెప్పి, బండ్ల నిండా గుండు తలల్ని దించినారు. నువ్వే నయమక్కా. అయితే మావాళ్లు ఎక్కువైతే మీ వసారాలో పడుకుంటారు, సరేనా?" అనింది.

సరేనన్నాను. నేను చేసింది తప్పో ఒప్పో నువ్వే రాయి. వచ్చే శుక్రవారం పాలు పొంగిస్తాము. మీరంతా గురువారం సాయంత్రానికే వచ్చి వసారాలో చోటు పట్టుకోండి. శనివారం ఇంటామె చుట్టాలు దిగుతారంట.