విశ్వకర్మ జయంతినాడు వేసిన తాళం

నగరి మరమగ్గాల కార్మికులలో రంగనాథం మాటకు ఎదురాడేవారు తక్కువ. ఎమర్జెన్సీలో పది నెలలు కడప జైలులో ఉండి వచ్చినవాడు. అక్కడ భగవద్గీతను కంఠస్థం చేయడమే కాక, కార్మికుడూ యజమానీ ఒకే కుటుంబమన్న తన సిద్ధాంతానికి రెండు నోటుపుస్తకాల నిండా వ్యాఖ్యానం వ్రాసుకొన్నవాడు. మే నెల మొదటి తేదీ మనది కాదనీ, ఈ దేశపు శ్రామికులకు విశ్వకర్మ జయంతియే పండుగ అనీ అతని వాదం. ఏటేటా ఆ రోజున కాషాయ జెండా ఎత్తి, మగ్గాలకు పసుపు పూసి బొట్టుపెట్టించి, ముదలాళినీ నేతగాండ్రనూ ఒకే బంతిలో కూర్చోబెట్టేవాడు. యజమానిని మా వైపు ముదలాళి అంటారు. అరవదేశపు పొలిమేర దాటి వచ్చిన మాటలకు మేము సుంకం వసూలు చేయము.

ఒక ఏడు ఆ బంతిలో రాజారత్నం ముదలాళి తన విస్తరిలోని బూరెను ప్రక్కనున్న నేతగాడి విస్తరిలో వేశాడు. రంగనాథం కండ్లలో నీళ్లు తిరిగాయి. ఆ బూరెను అతడు మరీ ఎక్కువగా నమ్మాడు.

1982 సెప్టెంబరులో, ముదలాళి తన షెడ్డులోని ఇరవై నాలుగు మగ్గాలనూ తిరుత్తణి వైపు తరలించబోతున్నాడన్న వార్త పొక్కింది. మగ్గాలు పోతే నలభై ఇండ్లలో పొయ్యి ఆరినట్లే. కార్మికులు పని ఆపి షెడ్డులోనే బైఠాయించారు. లోపల మనుషులున్నంతవరకు లారీ రాదు. వారికున్న బలమంతా అదే. ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదవ రోజు విశ్వకర్మ జయంతి.

ఆ ఉదయం ముదలాళి గుమ్మం దగ్గర నిలబడి చేతులు జోడించాడు.

“రంగనాథం, ఎనిమిది దినాలుగా తానాలు లేకుండా ఉండారు. ఆ మైలతోనే మగ్గాలకు పూజ సేస్తారా? ఇండ్లకు పోయి తలకు పోసుకొని రాండి. మగ్గాలు యాడికీ పోవు. చౌడేశ్వరమ్మ సాక్షి!”

స్నానం చేయనిదే పనిముట్టును పూజించరాదని కార్మికులకు నేర్పినవాడు రంగనాథమే. అతడు లేచాడు. నూలు కండెలు చుట్టే పెంచలమ్మ మాత్రం కదలలేదు.

“అన్నా, అందరమూ పోవద్దు. సగం మంది పోయి వచ్చేదాకా సగం మంది ఈడుందాం. వంతులేసుకుందాం.”

“పెంచలక్కకు కుంకుడురసమంటే భయం గదా!” అన్నాడు నేతగాడు చిన్నబ్బ. కొందరు నవ్వారు.

“పండగపూట మనిషి మాటకు కావలి పెట్టేదేంది పెంచలమ్మా? ఆయనేమన్నా పరాయోడా?” అన్నాడు రంగనాథం.

“యాడి పరాయోడన్నా! బంతిలో బూరె ఏసినోడు గదా!”

రంగనాథానికి ఆ ఎత్తిపొడుపు నచ్చలేదు. అందరినీ బయటికి నడిపించాడు, చివరికి పెంచలమ్మనూ.

గంటన్నర తరువాత తడితలలతో, పసుపు కుంకుమలతో, మూరల కొద్దీ చామంతులతో వారు తిరిగి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. తాళం ముందు ఇద్దరు పోలీసులున్నారు. మూడవ రోజున లారీలు వచ్చాయి.

రంగనాథం చిత్తూరుకు వెళ్లి కార్మిక శాఖ అధికారి ముందు నిలబడ్డాడు. ఆయన కాగితాలను సావకాశంగా త్రిప్పి, “లోపలే ఉండుంటే మాట్లాడేదానికి వీలుండేదబ్బా. మిమ్మల్ని ఎవరూ తరమలేదే. మీరే కదా బయటికి వచ్చినారు?” అన్నాడు.

నలభై ఇండ్లవారూ తలొక దారి పట్టారు. చిన్నబ్బ తిరుమలలో యాత్రికుల సామాను మోశాడు. పెంచలమ్మ తిరుచానూరులో పూలు కట్టి అమ్మసాగింది. ఎవ్వరూ రంగనాథాన్ని పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా వచ్చి తిట్టిపోస్తే బాగుండునని అతడు నాలుగేండ్లు ఎదురుచూశాడు. ఎవరూ రాకపోయేసరికి తానే తిరుచానూరుకు వెళ్లాడు.

“పెంచలమ్మా, ముదలాళి మాట నమ్మి తప్పు సేసినాను. నన్ను క్షమించు.”

ఆమె మాల కట్టడం ఆపలేదు. “దేవుని పేరు సెప్పినాడు, నమ్మినావు. దానికి నేనేమీ అననన్నా. ఆ పొద్దు నేను కూడా ఒక మాట సెప్పినాను గదా, వంతులేసుకుందామని. అదెందుకు నీ సెవికెక్కలేదు? కుటుంబం, కుటుంబం అంటివే, అందులో మేము లేమా?”

రంగనాథం “ఇప్పుడు సెప్పు తల్లీ, నువ్వేం సెప్తే అది సేస్తాను” అన్నాడు.

“ఇప్పుడేముండాదన్నా సేసేదానికి? మగ్గాలు లేవు గదా” అంటూ ఆమె పూలు బేరమాడుతున్న యాత్రికుల వైపు తిరిగింది.

అతడు ఇంకొంతసేపు అక్కడే నిలబడి, నగరి బస్సు ఆగే చోటికి నడిచాడు.