గోడ మీది నిమ్మకంప

బమ్రోలిలో మా లైనుగదుల వెనక బిక్షపతికి ఒక నిమ్మచెట్టు ఉంది. దాని కాయ ఒక్కటి పిండితే తాపీ నది మొత్తం షర్బత్ అవుతుందని నేను చెబితే డుమస్ సముద్రం ఒడ్డున బజ్జీల బండివాడు నోరు తెరిచి విన్నాడు. ఎనిమిదిలోనే బడి మానేసి బడికే మేలు చేసినవాణ్ణి, నాకు అబద్ధాలెందుకు?

బిక్షపతికి మాత్రం గొప్పలు రావు. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. డ్యూటీ దిగితే చెట్టు దగ్గరికే. భార్య ఐలమ్మతో కన్నా చెట్టుతోనే ఎక్కువ మాట్లాడతావని నేను ఏడిపిస్తే, చెట్టు ఎదురు తిట్టదు కదా అనేవాడు. శనివారం సాంచాలకు మిరపకాయలతో కలిపి కట్టే నిమ్మకాయలు ఈ చెట్టువే. మచ్చకాయ తెస్తే సేటు కట్టనివ్వడు.

గోడ అవతల నర్సింగం నిమ్మచెట్టు. ఇద్దరిదీ ఒకే ఊరు, కార్ఖానాలో పక్కపక్క సాంచాలు, వరస బావాబామ్మర్దులు. నిరుడు రెండు చెట్లకూ గజ్జి తెగులు పట్టింది. ఆకుల మీద, కాయల మీద పసుపు అంచుతో గరుకు మచ్చలు. వానజల్లుతో ఇది పక్క చెట్టుకు పాకుతుందని, రెండింటికీ ఒకేసారి వైద్యం చెయ్యాలని మందుల దుకాణం అతను చెప్పాడు. తెగులు కొమ్మలు కోసి కాల్చాలి, కత్తిని బ్లీచింగ్ నీళ్లలో కడగాలి, రాగి మందు కొట్టాలి.

బిక్షపతి సగం చెట్టు నరికేశాడు. తిరుపతి వెళ్లొచ్చినట్టుందని నేను నవ్వాను. కోసిన ప్రతి పుల్లనూ కాల్చాడు. నర్సింగమూ కోశాడు, అన్నీ కాల్చేశానన్నాడు.

వానలు పడ్డాయి. బిక్షపతి చెట్టు లేతాకులతో కళకళలాడింది. అంతలో మళ్లీ మచ్చలు, అవీ గోడవైపు కొమ్మలకే. స్టూలెక్కి చూశాడు. గోడ మీద, తన చెట్టు పైకి వాలేట్టు, ఎండిన నిమ్మకొమ్మలు తీగతో కట్టి ఉన్నాయి. ఊళ్లో పెరటికి కంప కట్టినట్టే. వాన నీళ్లు వాటి మీదుగా కిందికి కారుతున్నాయి.

నర్సింగాన్ని పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"కాలవెట్టిన అన్నవ్ గద బావా."

"మేకలు గోడెక్కుతున్నయే. గంత ముండ్లకంప ఎవడు కాలవెడతడు?"

"మరి నా దిక్కెందుకు వంచినవ్?"

నర్సింగం గోడకేసి చూశాడు. "నా చెట్టు మీద కారితే మళ్ల గజ్జొస్తది గద. నీది పెద్ద చెట్టు, తట్టుకుంటదనుకున్న."

అంటే తెలుసు. తెలిసే కట్టాడు.

బిక్షపతి కంప విప్పి కాల్చాడు. గోడవైపు కొమ్మలన్నీ మొదలుదాకా కోశాడు. రాగి మందు కలిపి కొట్టాడు. చెట్టు బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేం.

కార్ఖానాలో చాయ్‌కి పోయేవాడి సాంచాలను పక్కవాడు చూసుకుంటాడు, దారం తెగితే అతికిస్తాడు. సాంచా ఆగితే ఆ సేపు కూలి పోయినట్టే. నర్సింగం ఇప్పటికీ "పో బావా, నేన్జూస్త" అంటాడు. బిక్షపతి మాత్రం తన సాంచాలన్నీ ఒక్కొక్కటిగా ఆపి, అప్పుడు బయటికి నడుస్తాడు.