ఖాజా మామ పేరు లేని కాగితం

ఆదోని మార్కెట్ యార్డు ముందు ఆటో ఆగితే చాలు, ఎండకు వేడెక్కిన పత్తి బోరాల వాసన, నూనె మిల్లుల్లోంచి వచ్చే గింజల కమురు కలిసి ముక్కుకు తగిలి, నాకు నాయన గుర్తొస్తాడు. ఆయన పత్తి మిల్లులో పనిచేసినా పత్తి ముట్టలేదు. వాలీబాల్ ఆడినందుకు జీతం తీసుకున్నాడు.

దేవనకొండ దగ్గరి పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన ఆయన, వలకు పైన చెయ్యి మోచేతిదాకా తేలేటట్టు ఎగిరి బంతిని కొట్టడం చూసి మిల్లు షావుకారు పిలిపించుకున్నాడట. రిజిస్టరులో గేటు గుమాస్తా, మైదానంలో కెప్టెన్. కొన్నేళ్లకు జట్టు మేనేజరూ ఆయనే అయ్యాడు. ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో రాసి మిల్లు గోడకు కాగితం అంటించేవాడు. అప్పటినుంచి ఆయనకు మనుషులు తగ్గిపోయారు. కార్మికులు ఆయన్ను షావుకారు మనిషి అనుకున్నారు; షావుకారు వరండాలో మాత్రం ఆయనకు కుర్చీ ఉండేది కాదు. ఆయన టీ బంకు దగ్గరికి వస్తే మాటలు ఆగిపోవడం నేనెరుగుదును.

అమ్మ నాకు మూడేళ్లప్పుడే పోయింది. మిల్లు క్వార్టర్ల ఒంటిగదిలో మేమిద్దరమే. ఆదివారాలు మాత్రం ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు ఖాజా మామ వచ్చేవాడు. మగ్గం నేసే ఇంటి మనిషి, జట్టులో బంతి లేపి ఇచ్చేవాడు. ఆయన లేపితేనే నాయన కొట్టేవాడు. ముగ్గురం నేలమీద కూర్చుని వేడివేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినేవాళ్లం. రంజానుకు ఆయన టిఫిన్ డబ్బాలో సేమ్యా పాయసం తెచ్చేవాడు, ఉగాదికి నాయన వంకరటింకరగా వత్తిన పూర్ణం ఓలిగను ఎత్తి పట్టుకుని, "ఇది ఓలిగనా అన్నా, మా మగ్గం గుడ్డనా?" అని నవ్వించేవాడు. ఎండాకాలం సాయంత్రాలు ఇద్దరూ మైదానంలో నీళ్లు చల్లి సున్నంతో గీతలు గీస్తుంటే, తడిసిన మట్టి మీద నేను కుంటాట ఆడుకునేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు, పీర్ల పండుగ పోటీల నాటికి ఖాజా మామ వేళ్లు పట్టు తప్పసాగాయి. ఆ పొద్దున గోడమీది కాగితంలో ఆయన పేరు లేదు. నాయన భుజం కూడా సరిగా లేవడం లేదు గాని, ఆయన పేరు మొదటనే ఉంది. ఖాజా మామ కాగితాన్ని రెండుసార్లు చదివి, నా తల నిమిరి, "వస్తా పాపా" అని బస్టాండు దోవ పట్టాడు. మా జట్టే గెలిచింది. మెడలో దండతో నాయన, పక్కన నేను, ఎవరూ తోడు రాకుండానే ఇంటికి నడిచాం.

పోటీల తర్వాత వచ్చిన ఆదివారం నాయన ఎప్పటిలాగే మూడు పొట్లాల ఉగ్గాని తెచ్చాడు. మూడోది మధ్యాహ్నానికి ఎండిపోయింది. మరుసటి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. ఖాజా మామ ఉండే సందు మొదట్లో ఆగిపోయాడు. ఆ ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"పోదాం రా నాయనా" అన్నాను.

"నేస్తాండాడు. పని సెడగొట్టేది వద్దులే" అన్నాడు. చాలాసేపు అట్లాగే నిలబడి, వెనక్కి తిరిగాడు. మళ్లీ ఎప్పుడూ ఆ ఊరు పోలేదు. తర్వాతి ఏడాది షావుకారు జట్టును తీసేశాడు. మిగిలిన ఉద్యోగమంతా నాయన గేటు దగ్గర స్టూలు మీద ఒక్కడే కూర్చుని చేశాడు.

ఆయన పోయి ఆరేళ్లు. మైదానంలో ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు. ఆటగాడికి జీతమిచ్చే మిల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. పోయిన నెల ఎమ్మిగనూరులో పనిపడి ఖాజా మామ ఇంటికి పోయాను. సందులో మగ్గాల చప్పుడు లేదు. టీ తాగుతూ ఆయనే అన్నాడు:

"పేరు తీసినందుకు కాదు పాపా. నా ఆట అయిపోయిందని నాకూ తెలుసు. నోటితో సెప్పింటే సాలు. గోడకంటించి పోయినాడు."

అప్పట్లో ఒక ఆదివారం నాయన, నేను ఈ సందుదాకా వచ్చి వెనక్కి తిరిగిన సంగతి అప్పుడు చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"యాడ నిలబడినాడు?"

తీసుకుపోయి చూపించాను. ఖాజా మామ ఆ చోటనే నిలబడి, తన తలుపు వైపు చూశాడు.

"ఇంత దగ్గరికి వచ్చినాడా" అన్నాడు.