పక్కింటి శాక్సోఫోన్

మొన్న ఓ షాపు కిటికీలో శాక్సోఫోన్ కనబడితే, చిన్నప్పుడు అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింట్లో ఉండే వాల్టర్ అంకుల్ గుర్తొచ్చారు. వయసులో ఉండగా జాజ్ క్లబ్బుల్లో వాయించి, తర్వాత పాటలు రాసి, చివరికి పాటల రికార్డులు తీసే ఓ కంపెనీకి అధిపతిగా ఉండి రిటైరైన మనిషి. అంత ఇంట్లో ఆయనొక్కరే. స్కూలయ్యాక, అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేనక్కడే ఉండేదాన్ని. గోడనిండా, బాగా అమ్ముడైన పాటలకి బహుమతిగా ఇచ్చే బంగారు రంగు రికార్డులు.

“వీటిలో మీరు వాయించినవి ఏవి, అంకుల్?”

“ఒక్కటీ లేదు. అన్నీ వేరేవాళ్లవే.”

పాపం, వాయించడం మర్చిపోయారేమో అనుకుని, “కొంచెమైనా గుర్తుందా?” అని అడిగాను.

ఆయన పెట్టె తెరిచి, శాక్సోఫోన్ తీసి వాయించడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆగిపోయారు. పాట అయిపోయిందనుకుని గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆయన మెల్లగా లేచి, హాలు నిండా జనం ఉన్నట్టు తలవంచి నిలబడ్డారు.

ఊపిరి అందక మధ్యలోనే ఆగారని చాలా ఏళ్లకి గానీ నాకు అర్థం కాలేదు.